చాల్‌గ్రోవ్ కుండలోని చక్రవర్తి

ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో రెండు సెంటీమీటర్ల అడ్డకొలత కూడా సరిగా లేని ఒక రోమన్ నాణెం ఉంది. వెండి నాణెంగా చలామణీ అయినదే గానీ అందులో ఉన్నది దాదాపు అంతా రాగే. బొమ్మ వైపు కుడికి తిరిగిన ఒక మగమనిషి ముఖం, గడ్డం, ఛాతీకి కవచం, తలమీద సూర్యకిరణాల్లా పొడుచుకొచ్చిన మొనల కిరీటం. బొరుసు వైపు ఒక దేవత నిలుచుని ఉంటుంది. ఆమె ఒక చేతిలో తర్పణం వదిలే పళ్లెం, ఇంకో చేతిలో పళ్లూ ధాన్యమూ పొంగిపొర్లే పొడవాటి కొమ్ము. ఇలాంటి బొమ్మలతో క్రీ.శ. 3వ శతాబ్దంలో కొట్టిన నాణేలు యూరప్ నిండా లెక్కకు మించి దొరికాయి. అలాంటి నాణేన్ని పాత సామాన్ల అంగట్లో సైతం కొనుక్కోవచ్చు. ఈ ఒక్కదాన్ని ఆ గుంపులోంచి వేరు చేసేది ముఖం చుట్టూ అంచు వెంబడి చెక్కిన అక్షరాలు: ఇంప్ సి డొమిటియానుస్ పి ఎఫ్ అవుగ్.

ఆ పొట్టి అక్షరాలను విప్పి చదివితే ఇంపెరాతోర్ కైసర్ డొమిటియానుస్ పియుస్ ఫెలిక్స్ అవుగుస్తుస్ అవుతుంది. మొదటి రెండు మాటలూ చివరి మూడు మాటలూ ఆ కాలపు రోమన్ చక్రవర్తులు పెట్టుకునే బిరుదులు. మధ్యలో ఉన్నదొక్కటే మనిషి పేరు. డొమిటియానుస్ అనే చక్రవర్తి ఒకడు రోమ్‌ను 81 నుంచి 96 దాకా ఏలిన మాట నిజమే. అయితే ఈ నాణెం అతనిది కావడానికి వీల్లేదు. మొనల కిరీటం పెట్టిన ఈ రకం వెండి నాణేన్ని 215లో కారకల్లా చక్రవర్తి ప్రవేశపెట్టాడు. కాబట్టి ఇది రెండో డొమిటియానుస్‌ది. ఈ నాణెం బయటపడేనాటికి అలాంటి చక్రవర్తి ఒకడున్నాడని నమ్మినవాళ్లు చాలా కొద్దిమంది.

ఆ పేరు ఎక్కడ ఇముడుతుందో తెలియాలంటే 3వ శతాబ్దపు కల్లోలంలోకి కొంత వెళ్లక తప్పదు. 235లో చక్రవర్తి అలెగ్జాండర్ సెవెరుస్‌ను అతని సైనికులే చంపేశారు. అక్కడి నుంచి 284లో డయొక్లెటియన్ వచ్చేదాకా చక్రవర్తుల్లో ఎక్కువమంది చావు ఆ తీరులోనే సాగింది. 260లో పర్షియా రాజు షాపూర్ చేతికి రోమన్ చక్రవర్తి వాలెరియన్ స్వయంగా చిక్కాడు. అంతకుముందు ఏ రోమన్ చక్రవర్తికీ అలాంటి అవమానం జరగలేదు. అదే ఏడు రైన్ నది సరిహద్దులో పోస్తుముస్ అనే సేనాని తిరగబడ్డాడు. నేటి ఫ్రాన్స్, బ్రిటన్, జర్మనీలో రైన్‌కు పడమటి భాగం, కొంతకాలం స్పెయిన్ కూడా అతని ఏలుబడిలోకి వచ్చాయి. అతను రోమ్ మీదికి దండెత్తలేదు. తన సరిహద్దును తాను కాపాడుకుంటూ, సొంత అధికారులను నియమించుకుని, సొంత టంకశాలలు నడిపాడు. చరిత్రకారులు దీన్ని గాలిక్ సామ్రాజ్యం అంటారు.

పోస్తుముస్ 269లో తిరుగుబాటుదారులను ఓడించి మైన్జ్ నగరాన్ని పట్టుకున్నాడు. నగరాన్ని దోచుకోనివ్వనన్నందుకు సొంత సైనికులే అతన్ని చంపారు. తర్వాత మారియుస్ అనేవాడు కొద్దికాలం, ఆ తర్వాత విక్టోరినుస్ రెండేళ్ల దాకా ఏలారు. విక్టోరినుస్‌ను 271లో కొలోన్ నగరంలో అతని అధికారే ఒకడు హత్య చేశాడు. అప్పుడు అక్విటానియా రాష్ట్రాధికారిగా ఉన్న టెట్రికుస్ చక్రవర్తి అయ్యాడు. టెట్రికుస్ ఉన్నది నేటి ఫ్రాన్స్ నైరుతి మూలన, హత్య జరిగింది రైన్ ఒడ్డున. వార్త అటు చేరి, కొత్త చక్రవర్తి ఇటు వచ్చి, సైన్యాల చేత అవుననిపించుకునే లోపల కొన్ని వారాలు గడిచి ఉంటాయి. డొమిటియానుస్ పేరు ఇముడుతున్నది ఆ సందులోనే. చివరికి 274లో రోమ్ చక్రవర్తి ఆరేలియన్ షాలోన్ దగ్గర టెట్రికుస్‌ను ఓడించి, విడిపోయిన పడమటి రాష్ట్రాలను తిరిగి రోమ్‌లో కలిపాడు.

నాణెం వయసు తేల్చడంలో బొమ్మకూ అక్షరాలకూ ఎంత పాత్ర ఉందో లోహానికీ అంతే ఉంది. అగస్టస్ నాటి దెనారియుస్ అనే వెండి నాణెం దాదాపు మేలిమి. ఆ మేలిమి వెండికి తెలుగునేల మీదా గిరాకీ ఉండేది. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన నిధిలో అగస్టస్, తిబేరియుస్‌ల దెనారియుస్‌లు 1,500కు పైగా ఉన్నాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని రోమన్ నాణేలకు పరమేశ్వరీ లాల్ గుప్తా 1965లో వేసిన పట్టికలో వాటి వివరాలు చూడవచ్చు. 64లో నీరో నాణెం బరువును తగ్గించాడు, వెండి పాలునూ తగ్గించాడు. తర్వాతివాళ్లు కొందరు కాస్త పెంచారు, ఎక్కువమంది ఇంకా తగ్గించారు. కారకల్లా తెచ్చిన మొనల కిరీటపు నాణెంలో వెండి మొదట్లో సుమారు సగం. దాన్ని రెండు దెనారియుస్‌ల విలువకు చెల్లించాలన్నారు గానీ అందులో ఉన్న వెండి ఒకటిన్నర దెనారియుస్‌లకు మించలేదు. 260ల చివరికి రోమ్ టంకశాల నాణేల్లో వెండి నూటికి రెండు మూడు పాళ్లకు దిగజారింది. పోస్తుముస్ తన నాణేన్ని చాలాకాలం అంతకన్నా మెరుగ్గా నిలబెట్టాడు. అతని పాలన ఆఖరులో అదీ పడిపోయింది. విక్టోరినుస్, టెట్రికుస్‌ల నాటికి మిగిలింది పేరుకు వెండి మాత్రమే.

ఇంత రాగి నాణెం జనం చేతిలో వెండిలా ఎలా కనిపించిందన్నది లోహశాస్త్రం విప్పిన ముడి. వెండి, రాగి కలిసిన బిళ్లను కాల్చితే పైపొరలోని రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నల్లబడుతుంది. ఆ బిళ్లను పులుపు ద్రావకంలో వేస్తే ఆ నల్లని పొర కరిగిపోతుంది, వెండి కరగదు. తెలుగిళ్లలో రాగి చెంబును చింతపండుతో తోమేటప్పుడు జరిగేది ఈ రసాయన చర్యే. తేడా ఏమంటే, చెంబులో రాగి కింద మళ్లీ రాగే ఉంటుంది, నాణెంలో మాత్రం రాగి పోయినచోట వెండి మిగులుతుంది. ఇలా నాలుగైదుసార్లు చేశాక సమ్మెట దెబ్బ వేస్తే పైన తెల్లగా మెరిసే పలచని వెండిపొర తయారవుతుంది. వెండి మరీ తగ్గిపోయిన రోజుల్లో ఈ పద్ధతీ పనికిరాక, బిళ్లల మీద విడిగా వెండిపూత వేసేవారు. ఆ పూత కొద్దికాలం చేతులు మారగానే అరిగిపోయేది.

ఈ పైపొర వల్లనే చాలాకాలం పరిశోధకుల లెక్కలు తప్పాయి. ఎక్స్-రే ఫ్లోరసెన్స్ అనే పద్ధతిలో నాణెం మీద ఎక్స్-కిరణాలు పడేలా చేస్తారు. లోహపు పరమాణువులు వాటిని పీల్చుకుని, ఒక్కో మూలకం తనదైన శక్తి గల కిరణాలను తిరిగి విడుస్తుంది. వాటిని కొలిస్తే వెండి ఎంత, రాగి ఎంత, సీసం ఎంత అన్నది తెలుస్తుంది. నాణేనికి గీత కూడా పడదు కాబట్టి మ్యూజియంలకు ఈ పద్ధతంటే ఇష్టం. అయితే ఈ కిరణాలు చదివేది మిల్లీమీటరులో పదో వంతుకన్నా తక్కువ మందాన్నే. సరిగ్గా అక్కడే వెండి కృత్రిమంగా ఎక్కువై కూర్చుంది. పైగా మట్టిలో శతాబ్దాలు పడి ఉన్నప్పుడు ఇంకొంత రాగి కరిగిపోయి పైపొర మరింత వెండిబారుతుంది. వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ బుచర్, లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ పాంటింగ్ కలిసి నాణేల అంచులో సన్నని రంధ్రాలు చేసి, పైపొర రజనును పక్కన పెట్టి, లోపలి రజనునే పరీక్షించారు. అలా చూసినప్పుడు నీరో మార్పుల తర్వాత దెనారియుస్‌లో వెండి నూటికి 80 పాళ్లకు పడిపోయిందని తేలింది. అంతకుముందు లెక్కలు 90కి పైనే ఉందనేవి. రోమ్ ఆర్థిక చరిత్రలో ఒక అధ్యాయాన్ని తిరగరాయించిన కొలత అది.

డొమిటియానుస్ నాణెం విషయంలో తీర్పు చెప్పింది మాత్రం లోహం కాదు, అచ్చు. రోమన్ టంకశాలలో నాణెం చేత్తో కొట్టేదే. బొమ్మ అచ్చును దాగలిలో బిగించేవారు. కాల్చిన బిళ్లను పట్టకారుతో దాని మీద పెట్టి, బొరుసు అచ్చు చెక్కిన ఉలిలాంటి కడ్డీని పైన ఆనించి, సమ్మెటతో ఒక్క దెబ్బ వేసేవారు. దెబ్బ నేరుగా తినేది కడ్డీ కాబట్టి బొరుసు అచ్చే ముందు పగిలేది. ప్రతి అచ్చునూ చెక్కేవాడు విడిగా, తలకిందులుగా, గోరంత జాగాలో చెక్కాలి. ఒకే మనిషి చెక్కినా ఏ రెండు అచ్చులూ అచ్చంగా ఒకలా ఉండవు. కిరీటం మొన ఏ అక్షరం కిందికి వచ్చింది, గడ్డంలో వెంట్రుకల వరసలెన్ని, దేవత మోచెయ్యి ఎంత వంగింది అన్నవి మారుతూనే ఉంటాయి. అందుకని రెండు నాణేల మీద ఈ వివరాలన్నీ గీత గీతకూ సరిపోతే ఆ రెండూ ఒకే అచ్చు నుంచి వచ్చినట్టే లెక్క. నాణేల శాస్త్రంలో ఇంతకన్నా గట్టి సాక్ష్యం అరుదు.

డొమిటియానుస్ పేరున్న మొదటి నాణెం 1900లో ఫ్రాన్స్‌లో బయటపడింది. నాంత్ నగరం దగ్గర లె క్లెయాన్ అనేచోట అదే కాలపు మొనల కిరీటపు నాణేల నిధిలో అది ఉంది. దాని వివరాలు ప్రచురించి లోకానికి చూపించగానే అనుమానాలు మొదలయ్యాయి. ప్రపంచంలో అలాంటిది ఇంకొకటి లేదు. ముఖం చూస్తే విక్టోరినుస్, టెట్రికుస్‌ల నాణేల మీది ముఖంలాగే ఉంది. ఆ చక్రవర్తుల నాణేలు కారుచౌక. అలాంటిదొకటి తీసుకుని పేరు అక్షరాలను సన్నని ఉలితో మార్చి చెక్కితే, లేని చక్రవర్తిని పుట్టించి పెద్ద ధరకు అమ్ముకోవచ్చు. 19వ శతాబ్దంలో ఇలాంటి మోసాలు నిజంగానే జరిగాయి కాబట్టి ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. ఒక్క నాణెం మీద ఒక చక్రవర్తిని నిలబెట్టడానికి పండితులు వెనకాడారు. నాంత్‌లోని దొబ్రే మ్యూజియంకు చేరిన ఆ నాణెం వందేళ్ల పాటు నకిలీ అన్న ముద్రతోనే ఉండిపోయింది.

2003లో ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌కు ఆగ్నేయంగా ఉన్న చాల్‌గ్రోవ్ గ్రామం దగ్గర పొలంలో మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతున్న ఒక వ్యక్తికి మట్టికుండ దొరికింది. 1989లో కూడా ఆ గ్రామం దగ్గర ఇలాంటి నిధి ఒకటి బయటపడింది. ఈసారి కుండలో ఉన్నవి 4,957 నాణేలు. అవి విడివిడిగా లేవు, ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి. రాగి ఎక్కువున్న నాణేలు తడిమట్టిలో పడి ఉంటే వాటి మీద ఎర్రని క్యూప్రైట్ పొర, దాని పైన పచ్చని చిలుము పేరుకుంటాయి. పక్కపక్కనున్న నాణేల చిలుము పెరిగి పెరిగి ఒకదాన్నొకటి కరచుకుంటుంది. ఇలాంటి ముద్దను బలవంతంగా విడదీస్తే ఒక నాణెం మీది ముఖం ఊడి రెండోదానికి అంటుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే కుండ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు వెళ్లింది.

అక్కడ సంరక్షకులు చేసే పని చాలా ఓపికతో కూడుకున్నది. పైన ఉన్న పచ్చని, గరుకైన చిలుమును తీసేస్తూ, ఎర్రని పొర కనబడగానే చెయ్యి ఆపాలి. నాణెం మీద చెక్కిన అసలు గీతలు చాలావరకు నిలిచి ఉండేది ఆ ఎర్రపొర మట్టంలోనే. అక్కడ ఒక్క గీత ఎక్కువ పడితే అక్షరం పోతుంది. శుభ్రపరిచిన నాణేలను చక్రవర్తుల వారీగా, టంకశాలల వారీగా, బొరుసు మీది దేవతల వారీగా వేరుచేస్తారు. ఆ కాలపు నిధిలో వరసగా వచ్చేవి గల్లియెనుస్, రెండో క్లాడియుస్, విక్టోరినుస్, టెట్రికుస్‌లవే. చదివేవాడి కన్ను ఆ పేర్లకే అలవాటు పడి ఉంటుంది. విక్టోరినుస్ పోలికలున్న ఒక ముఖం పక్కన డొమిటియానుస్ అన్న పేరును గుర్తుపట్టినవాడు రోమన్ నాణేల విభాగంలో పనిచేసే రిచర్డ్ ఆబ్డీ. 2004 ఫిబ్రవరిలో బ్రిటిష్ మ్యూజియం ఆ సంగతి ప్రకటించింది.

నాంత్ నాణెం పక్కన చాల్‌గ్రోవ్ నాణేన్ని పోల్చి చూశారు. బొమ్మ వైపు అచ్చూ బొరుసు వైపు అచ్చూ రెండూ కలిశాయి. నాంత్‌కూ చాల్‌గ్రోవ్‌కూ మధ్య సుమారు 500 కిలోమీటర్ల దూరం, ఒక సముద్రం ఉన్నాయి. 1900లో ఎవరైనా విక్టోరినుస్ నాణేన్ని చెక్కి మార్చి ఉంటే, అదే అచ్చుతో కొట్టిన రెండో నాణెం, ఇంగ్లండ్ మట్టిలో, చిలుముతో సాటి నాణేలకు అతుక్కుపోయి దొరకడం అసాధ్యం. చెక్కి మార్చినదానికి అచ్చు ఉండదు కదా. పోనీ చాల్‌గ్రోవ్‌దే ఎవరో తర్వాత కుండలో వేశారనుకోవడానికీ వీల్లేదు. ఆ ముద్దను మొదటిసారి విడదీసినవాళ్లు మ్యూజియం వాళ్లే. అలా ఒక నాణెం నిజమని తేలడంతో, వందేళ్లుగా మచ్చ మోస్తున్న రెండోదీ ఒకేసారి నిర్దోషి అయింది. ఇక్కడ చక్రవర్తిని రుజువు చేసింది నాణెం ఒక్కటే కాదు. దాని చుట్టూ ఉన్న 4,956 మామూలు నాణేలు కూడా సాక్ష్యం చెప్పాయి. వాటిలో ఏ ఒక్కదానికీ విడిగా పెద్ద విలువ లేదు. వాటి మధ్య లేకపోతే డొమిటియానుస్ నాణేనికీ ఇంత విలువ ఉండేది కాదు.

అచ్చులు కలిశాక పాత గ్రంథాల్లోని ఒకటి రెండు వాక్యాలకు ప్రాణం వచ్చింది. క్రీ.శ. 500 ప్రాంతంలో గ్రీకులో చరిత్ర రాసిన జోసిముస్, ఆరేలియన్ మీద కుట్ర పన్ని పట్టుబడి శిక్ష అనుభవించినవాళ్లుగా సెప్తిమియుస్, ఉర్బానుస్, డొమిటియానుస్ అనే ముగ్గురి పేర్లు చెప్పాడు. అతను చెప్పిన సందర్భం ఆరేలియన్ పాలన తొలినాళ్లు, అంటే 271 దరిదాపులే. హిస్తోరియా అవుగుస్తా అనే లాటిన్ గ్రంథం 261లో మాక్రియానుస్ అనే తిరుగుబాటుదారు సేనలను ఓడించిన డొమిటియానుస్ అనే సేనాని గురించి చెబుతూ, అతను తాను మొదటి డొమిటియానుస్ వంశంవాడినని చెప్పుకునేవాడని రాసింది. ఆ గ్రంథంలో కల్పన పాలు చాలా ఎక్కువ. ఈ రెండు గ్రంథాల్లోని డొమిటియానుస్‌లూ నాణెం మీది డొమిటియానుస్ కూడా ఒక్కరేనని కొందరు చరిత్రకారులు అంటారు, కొందరు ఒప్పుకోరు. నాణెం చెప్పేదానికి మాత్రం ఒక హద్దుంది, ఆ హద్దు లోపల అది నిక్కచ్చిగా మాట్లాడుతుంది. అది చక్రవర్తి పేరుతో, బిరుదులతో, గాలిక్ టంకశాల శైలిలో కొట్టినది. అంటే డొమిటియానుస్ సామ్రాజ్యపు టంకశాలను, అందులోని చెక్కడపు పనివాళ్లను కొంతకాలమైనా తన చేతిలో ఉంచుకున్నాడు. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదారుకు అది సాధ్యం కాదు.

బొరుసు మీది దేవత చుట్టూ ఉన్న మాటలు కొంకోర్దియా మిలితుమ్, సైనికుల ఐకమత్యం. సింహాసనం మీద కూర్చోబెట్టేదీ దించేదీ సైన్యమే అయిన రోజుల్లో కొత్త చక్రవర్తి మొదట చేసే పని సైనికులకు కానుకగా నాణేలు పంచడం. చక్రవర్తి ముఖం ఎలా ఉంటుందో, పేరేమిటో, ఏం మాట ఇస్తున్నాడో దూరంలోని దండుకు తెలిసేది ఆ నాణేల ద్వారానే. సైనికులు తనతో ఒక్కతాటి మీద ఉన్నారని ప్రకటించడం డొమిటియానుస్‌కు అన్నిటికన్నా అవసరమైన మాట. ఆ ఐకమత్యం ఎక్కువ రోజులు నిలవలేదని అతని నాణేల కొరతే చెబుతోంది.

ఆ నాణెం ఇంగ్లండ్‌కు ఎలా చేరిందన్నదానికి పెద్ద కథ అక్కర్లేదు. ట్రియర్, కొలోన్ వైపు టంకశాలల్లో కొట్టిన గాలిక్ నాణేలు బ్రిటన్‌కు మామూలుగానే వచ్చేవి. బ్రిటన్ డొమిటియానుస్‌ను చక్రవర్తిగా ఒప్పుకుందనడానికి ఈ ఒక్క నాణెం చాలదు. చేతులు మారేటప్పుడు దాని మీది పేరు ఎవరూ చదివి ఉండకపోవచ్చు. చాల్‌గ్రోవ్ కుండలోని నాణేలు 251 నుంచి 279 దాకా కొట్టినవి. నిధిలోని ఆఖరి నాణెం ఏ ఏడుదో, పాతిపెట్టింది ఆ ఏడాది కన్నా ముందు కాదన్నది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం. కాబట్టి ఈ కుండ మట్టిలోకి వెళ్లింది డొమిటియానుస్ పతనమైన ఎనిమిదేళ్ల తర్వాతైనా అయి ఉండాలి.

ఇంత డబ్బును పాతిపెట్టినవాళ్లు తిరిగి ఎందుకు తీసుకోలేదన్నది వేరే ప్రశ్న. తెలుగువాళ్లకు లంకెబిందెల కథలు కొత్త కాదు కాబట్టి, దొంగల భయమో యుద్ధ భయమో కారణమని వెంటనే అనిపిస్తుంది. బ్రిటన్‌లో 3వ శతాబ్దం చివరి దశాబ్దాలకు చెందిన నిధులు అసాధారణంగా ఎక్కువ. వాటన్నిటికీ దండయాత్రలే కారణమని పూర్వం అనేవారు. ఇప్పుడు ఆర్థిక కారణానికి బలం పెరిగింది. 274లో ఆరేలియన్ నూటికి సుమారు 5 పాళ్ల వెండితో మెరుగైన నాణేన్ని తెచ్చాడు. పాత గాలిక్ రాగిబిళ్లలకు దాని ముందు విలువ పోయింది. తవ్వి తీసేంత కష్టానికి తగ్గ డబ్బు కాదని కుండల్ని వదిలేసి ఉంటారు. కొత్త నాణేలు బ్రిటన్‌కు చాలినన్ని రాకపోవడంతో జనం పాతవాటికి మోటు నకళ్లు సొంతంగా కొట్టుకున్న దాఖలాలూ బోలెడు.

మూడో వాదానికి ఊతం ఇచ్చింది 2010లో సోమర్‌సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర దొరికిన కుండ. అందులో 52,503 నాణేలు, వాటి బరువు 160 కిలోలు. పలచని మట్టికుండ అది. అంత బరువుతో కుండను మోసుకొచ్చి పాతిపెట్టడం కుదిరే పని కాదు. ముందు కుండను గోతిలో పెట్టి ఆ తర్వాత నాణేలు పోసి ఉండాలి. తిరిగి తీసుకోవాలంటే కుండను పగలగొట్టక తప్పదు. పురావస్తు పరిశోధకులు ఆ నాణేలను పొరలు పొరలుగా తీసి, ఏ పొరలో ఏవి ఉన్నాయో రాసుకున్నారు. అన్నిటికన్నా కొత్తవైన, కరౌసియుస్ అనే తర్వాతి చక్రవర్తి నాణేల్లో అధికభాగం పైన కాక, కుండ సగానికి కిందనే కనిపించాయి. ఏటేటా కొంత దాచి నింపిన కుండలో అలా ఉండదు. అంటే మొత్తం ఒక్కసారే పోశారు. ఊరంతా కలిసి దేవతలకు సమర్పించిన మొక్కు కావచ్చునన్న ఊహ అక్కడ పుట్టింది. నాణేలను గబగబా సంచుల్లోకి ఎత్తుకుని ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

అందుకే నిధుల విషయంలో చట్టానికి శాస్త్రంతో నేరుగా పని ఉంది. ఇంగ్లండ్‌లో 1996 నాటి నిధుల చట్టం ప్రకారం 300 ఏళ్లు దాటిన నాణేలు ఒకేచోట రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ దొరికితే, వాటిలో నూటికి 10 పాళ్లకు తక్కువ కాకుండా వెండో బంగారమో ఉంటే, అది నిధి. వెండి, బంగారం పాలు అంతకన్నా తక్కువైతే కనీసం పది నాణేలుండాలి. దొరికినవాడు కరోనర్ అనే అధికారికి తెలియజేయాలి. మ్యూజియం కొనదలిస్తే సంతలో పలికే ధరను దొరికినవాడికీ భూమి యజమానికీ ముట్టజెబుతుంది. చాల్‌గ్రోవ్ కుండను ఆష్మోలియన్ మ్యూజియం 40,000 పౌండ్లకు మొత్తంగా కొన్నది. భారతదేశంలో 1878 నాటి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగి దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పి తీరాలి.

అలాంటి చట్టం లేని రోజుల్లో తెలుగునేల మీద జరిగిన నష్టానికి ఒక ఉదాహరణ అచ్చులోనే ఉంది. 18వ శతాబ్దం చివర నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లగుట్ట పక్కన దున్నుతుంటే నాగలి ఇటుకల కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక చిన్న ముంత బయటపడ్డాయి. అందులో 2వ శతాబ్దపు రోమన్ బంగారు నాణేలున్నాయి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. ముప్పైకి పైగా మాత్రం కరగకముందే ఆర్కాటు నవాబు కుమారుడు అమీర్ ఉల్ ఉమరా చేతికి వచ్చాయి. ఈ వివరాలు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రాసిన లేఖగా ఏషియాటిక్ రిసెర్చెస్ రెండో సంపుటంలో అచ్చయ్యాయి. మిగిలినవాటిలో త్రాజన్, హాడ్రియన్, ఫౌస్తీనాల నాణేలు ఉన్నాయి. కరిగిపోయినవి ఎవరివి, వాటిలో ఆఖరుది ఏ ఏడుది, గుడి కట్టకముందు పాతారా తర్వాత పాతారా అన్న ప్రశ్నలు ఆ కంసాలి మూసలోనే ముగిసిపోయాయి. రైతును నిందించి లాభం లేదు. అతనికి దొరికింది బంగారం, దాన్ని బంగారంగానే చూశాడు.

కుండ, తోటి నాణేలు, దొరికిన చోటు తెలియకపోతే ఎంత మంచి పరికరమైనా ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి స్పోన్సియానుస్ ఉదంతం సరిపోతుంది. 1713లో ట్రాన్సిల్వేనియాలో దొరికాయని చెప్పే కొన్ని బంగారు నాణేల మీద ఆ పేరు ఉంది. వాటిలో ఒకటి గ్లాస్గోలోని హంటేరియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. మోటుగా పోతపోసినట్టు ఉండటంతో 19వ శతాబ్దం నుంచే నకిలీల జాబితాలో పడింది. 2022లో లండన్ పరిశోధకుల బృందం సూక్ష్మదర్శినితో దాని మీది గీతలను, గీతల్లో గడ్డకట్టిన మట్టిఖనిజాలను పరిశీలించి, అది నిజంగా చలామణీ అయి, మట్టిలో చాలాకాలం ఉన్నదేనని వాదించింది. రోమన్ నాణేల నిపుణుల్లో చాలామంది ఒప్పుకోలేదు. లోహపు మిశ్రమం, అక్షరాల పొందిక, తయారీ పద్ధతి ఏవీ రోమన్ టంకశాలకు సరిపోవన్నారు. స్పోన్సియానుస్ నాణేలకు నిపుణుల కళ్ల ముందు విప్పిన కుండ లేదు. డొమిటియానుస్‌కున్న బలమంతా అదే.

ఇక డొమిటియానుస్ ఎంతకాలం ఏలాడన్న ప్రశ్నకు అచ్చుల లెక్కలోనే జవాబు వెతకాలి. అతని కన్నా కొంచెం ముందు ఏలిన మారియుస్ రెండు మూడు రోజులే చక్రవర్తిగా ఉన్నాడని ప్రాచీన గ్రంథాలు చెబుతాయి. కానీ అతని నాణేలు చాలా దొరికాయి, వాటి వెనక అచ్చులూ చాలానే ఉన్నాయి. అన్ని అచ్చులు చెక్కి, అరగదీసి, మార్చడానికి వారాలో నెలలో పట్టాలి కాబట్టి ఆ రెండు మూడు రోజుల కథను చరిత్రకారులు పక్కన పెట్టారు. డొమిటియానుస్ సంగతి దీనికి తలకిందులు. వంద ఏళ్ల తేడాతో, రెండు దేశాల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా దొరికిన రెండు నాణేలూ ఒకే జత అచ్చులవి. అతని పేరుతో పదుల కొద్దీ అచ్చులు చెక్కి ఉంటే, యాదృచ్ఛికంగా దొరికిన రెండూ ఒకే జతవి అయ్యే అవకాశం చాలా తక్కువ. కాబట్టి అచ్చులు కొద్దిగానే ఉండేవని, టంకశాల అతని పేరుమీద కొద్దికాలమే పనిచేసిందని అంచనా. రెండు నాణేల మీద కట్టిన లెక్క అంత గట్టిదేం కాదు. మూడో నాణెం వేరే అచ్చుతో బయటపడిన రోజున ఈ అంచనాను మళ్లీ వేసుకోవాల్సి ఉంటుంది. అది ఇప్పటికే ఏదో మ్యూజియంలో శుభ్రం చేయని విక్టోరినుస్ నాణేల పెట్టెలో ఉండే అవకాశమూ లేకపోలేదు.